ఎక్స్‌టర్నల్ ఫ్లాష్: కొనేముందు, కొన్నాక తరచుగా అడిగే ప్రశ్నలు

కడప చుట్టుపక్కల పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తుంటాను. ముహూర్తాలు మొదలయ్యాయంటే చాలు, కొత్తగా కెమెరా పట్టిన తమ్ముళ్లు అవే సందేహాలతో ఫోన్ చేస్తారు. చెప్పిందే చెప్పి నోరు నొచ్చి, ఇలా రాసి పెట్టాను. వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు ఉంచాను. మీకు కావాల్సిన దాని దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

## కొనేముందు

కెమెరాలోనే ఫ్లాష్ ఉంది కదన్నా, మళ్లీ వేరేది ఎందుకు?

కెమెరాలోని ఫ్లాష్ లెన్సు నెత్తిమీదే కూర్చుని నేరుగా ముఖంలోకి కొడుతుంది. అందుకే ముఖం పిండి పూసినట్టు చదునుగా వస్తుంది. నుదుటి చెమట మెరుస్తుంది, కళ్లు ఎర్రబడతాయి, వెనక గోడ మీద నల్లటి నీడ పడుతుంది. బయటి ఫ్లాష్‌కు డబ్బు పెట్టేది ఎక్కువ వెలుగు కోసమని చాలామంది అనుకుంటారు. నన్నడిగితే మనం కొనేది ఫ్లాష్ తల తిప్పుకునే వీలు. వెలుగును గోడకో పైకప్పుకో కొడితే, అక్కణ్నుంచి తిరిగొచ్చి మనిషి మీద మెత్తగా పడుతుంది. చవకగా వస్తోందని తల పైకి మాత్రమే లేచే చిన్న ఫ్లాష్ కొనకండి. పైకీ, పక్కలకీ, వెనక్కీ తిరగాలి.

డబ్బా మీద జీఎన్ 60 అని ఉంది. అంటే పవర్ ఎక్కువనేనా?

జీఎన్ అంటే గైడ్ నంబర్. ఐఎస్‌ఓ (సెన్సరు వెలుగును ఎంతగా పట్టుకుంటుందో చెప్పే అంకె) 100 దగ్గర, మనిషికి ఫ్లాష్‌కు మధ్య దూరాన్ని మీటర్లలో తీసుకుని ఎఫ్ నంబరుతో (లెన్సు రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే అంకె) గుణిస్తే వచ్చే అంకె అది. ఇందులో ఒక తిరకాసు ఉంది. ఆ 60 చాలావరకు తలలోని జూమ్‌ను 200 మి.మీ.కి పెట్టి, వెలుగునంతా సన్నటి ధారగా చేసి కొలిచింది. మనం పెళ్లిలో వాడే 35 మి.మీ. దగ్గర అదే ఫ్లాష్ 36 చుట్టుపక్కలకు దిగుతుంది. 36ను ఎఫ్ 4తో భాగిస్తే 9. అంటే ఐఎస్‌ఓ 100లో నేరుగా కొడితే 9 మీటర్ల వరకు అందుతుంది. ఐఎస్‌ఓ 400 పెడితే 18 మీటర్లు. రెండు ఫ్లాష్‌లను పోల్చేటప్పుడు రెండింటి అంకెలూ ఒకే జూమ్ దగ్గర తీసుకున్నవో కాదో చూడండి. ఇది చూడకుండానే చాలామంది పెద్ద అంకె చూసి మోసపోతారు.

టీటీఎల్ తీసుకోవాలా, మాన్యువల్ సరిపోతుందా?

టీటీఎల్‌లో అసలు వెలుగుకు ముందు ఫ్లాష్ ఒక చిన్న వెలుగు వదులుతుంది. అది తిరిగొచ్చిన తీరును లెన్సులోంచి కొలిచి, ఎంత కొట్టాలో కెమెరానే లెక్కేసుకుంటుంది. మాన్యువల్‌లో 1/1 నుంచి 1/128 దాకా మీరే పెట్టాలి.

పెళ్లికూతురు నడిచి వస్తుంటే, అక్షింతలు వేసే చుట్టాలు ఒకరు దగ్గరగా ఒకరు దూరంగా నిలబడుతుంటే దూరం క్షణక్షణం మారుతుంది. అక్కడ టీటీఎల్ ఉంటే టెన్షన్ తగ్గుతుంది. బల్ల మీద వస్తువు పెట్టి తీసే పనికి మాన్యువలే మేలు, ఎందుకంటే పది ఫొటోల్లోనూ వెలుగు ఒకేలా ఉంటుంది. నేర్చుకోవడానికి గోడాక్స్ కంపెనీ టీటీ600 లాంటి మాన్యువల్ ఫ్లాష్ చాలు. టీటీఎల్, లిథియం బ్యాటరీ ఉన్న వి860 రకానికి దానికంటే రెండు మూడు రెట్లు పెట్టాల్సి వస్తుంది. వచ్చే నెలలోనే పెళ్లి ఆర్డరు ఒప్పుకొని ఉంటే మాత్రం టీటీఎల్‌కే వెళ్లండి. ముహూర్తం టైములో కూర్చుని పవర్ లెక్కలు వేయలేరు.

నాది కానన్ 200డి మార్క్ టూ. చవక ఫ్లాష్‌లు దానికి వెలగవంటున్నారు, నిజమేనా?

నిజమే. ఫ్లాష్ తగిలించే గాడిని హాట్ షూ అంటారు. దాని నడిమధ్యలో మామూలుగా ఒక పెద్ద పిన్ ఉంటుంది. ఒకే పిన్ ఉండే మాన్యువల్ ఫ్లాష్‌లన్నీ దాని మీదే ఆధారపడతాయి. 200డి మార్క్ టూ, 3000డి లాంటి కొన్ని కానన్ బాడీల్లో ఆ పిన్ తీసేశారు. వాటికి కానన్ భాషలో మాట్లాడే ఫ్లాషే కావాలి. ముందు మీ కెమెరా షూ వంక ఒకసారి చూడండి. కొనేటప్పుడు కెమెరా వెంట తీసుకెళ్లి, తగిలించి, కొట్టి చూసుకోండి.

ఫ్రెండు దగ్గర నికాన్ ఫ్లాష్ ఉంది, నా సోనీకి పెట్టొచ్చా?

గాడిలో దూరుతుంది. మాన్యువల్‌లో చాలావరకు వెలుగుతుంది కూడా. టీటీఎల్, హెచ్‌ఎస్‌ఎస్ (వేగమైన షట్టర్‌తోనూ ఫ్లాష్ వాడే పద్ధతి) మాత్రం పనిచేయవు, ఒక్కో కంపెనీ పిన్నుల అమరిక ఒక్కో రకం. గోడాక్స్ లాంటి కంపెనీలు ఒకే మోడల్‌ను కానన్‌కు సి, నికాన్‌కు ఎన్, సోనీకి ఎస్, ఫుజికి ఎఫ్ అనే అక్షరాలతో విడివిడిగా అమ్ముతాయి. మొదటిసారి ఆన్‌లైన్‌లో తెప్పించినప్పుడు ఈ చివరి అక్షరం చూసుకోక ఎన్ తెప్పించుకున్నాను. నా చేతిలో ఉన్నది కానన్. వాపసుకు పది రోజులు పట్టింది, ఈలోపు రెండు పెళ్లిళ్లకు అరువు ఫ్లాషే గతి అయింది.

నాయన స్టూడియోలో పాత ఫ్లాష్ ఉంది. బాగానే వెలుగుతోంది, వాడుకోవచ్చా?

కెమెరా మీద పెట్టకండి. రీలు కాలం నాటి కొన్ని ఫ్లాష్‌ల పిన్నుల మధ్య వందల వోల్టులు ఉంటాయి. పాత వివిటార్ 283లలో కొన్ని ఇందుకు పేరుపడ్డవే. అప్పటి కెమెరాలో అది రెండు లోహపు ముక్కలు తాకడమే కాబట్టి ఏమీ కాలేదు. డిజిటల్ కెమెరాలో అక్కడ సున్నితమైన సర్క్యూట్ ఉంటుంది, కాలిపోతుంది. మల్టీమీటరుతో కొలిపించి చూడొచ్చు గానీ, నా మాట వింటే దాన్ని షోకేసులో పెట్టుకోండి.

సెకండ్ హ్యాండ్ కొంటే ఏం చూడాలి?

ఫుల్ పవర్‌లో పెట్టి పదిసార్లు కొట్టించండి. ప్రతిసారీ వెలగాలి, మళ్లీ సిద్ధమయ్యే సమయం పెరిగిపోతూ ఉండకూడదు. ముందరి ప్లాస్టిక్ పచ్చబడి కాలినట్టుంటే బాగా వాడేశారని అర్థం. గాడిలో దూరే కాలు వదులుగా ఊగుతుంటే వద్దు. లిథియం బ్యాటరీ ఉబ్బి ఉంటే ఆ బేరం అక్కడితో వదిలేయండి.

## పెట్టెలోంచి తీసిన రోజు

అన్నీ సరిగానే పెట్టాను, అయినా ఫ్లాష్ వెలగట్లేదు!

మిర్రర్‌లెస్ కెమెరా అయితే మొదట సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో చాలా కెమెరాలు ఫ్లాష్‌ను అసలు వెలిగించవు. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇక్కడే తేలిపోతాయి. కాదంటే, కాలు గాడిలో చివరిదాకా దూరి లాక్ పడిందా, ఫ్లాష్ పొరపాటున స్లేవ్ మోడ్‌లో (వేరే ఫ్లాష్ వెలిగితేనే వెలిగే పద్ధతి) ఉందా అని చూడండి. పిన్నుల మీద చెమట, దుమ్ము ఉన్నా ఇలాగే సతాయిస్తుంది. పొడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టండి.

ఫొటోలో సగం నల్లటి పట్టీ వస్తోంది. కెమెరా పోయిందా?

పోలేదు. మీ షట్టర్ స్పీడు హద్దు దాటింది. షట్టర్‌కు రెండు తెరలు. ఒకటి తెరుచుకుంటుంది, రెండోది మూసుకుంటుంది. ఒక వేగం దాటితే మొదటిది పూర్తిగా తెరుచుకోకముందే రెండోది బయలుదేరుతుంది. ఫ్లాష్ వెలిగే క్షణానికి సెన్సరు కొంత మూసుకుపోయి ఉంటుంది, ఆ మూసుకున్న మేరే నల్లటి పట్టీ. ఈ హద్దును సింక్ స్పీడ్ అంటారు. చాలా కెమెరాల్లో 1/200 లేదా 1/250, కొన్నింటిలో 1/160. దానికి దిగువన ఉండండి, లేదా ఫ్లాష్‌లో హెచ్‌ఎస్‌ఎస్ ఆన్ చేయండి.

షట్టర్ ఎంత మార్చినా ముఖం మీద వెలుగు మారట్లేదేం?

మారదు. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే ఫ్లాష్ సగం వచ్చినట్టే. ఫ్లాష్ వెలిగి ఆరిపోయే సమయం చాలా తక్కువ. ఫుల్ పవర్‌లో సెకనులో మూడు వందల వంతు చుట్టుపక్కల, తక్కువ పవర్‌లో వేల వంతు. షట్టర్ 1/60 ఉన్నా 1/200 ఉన్నా ఆ మెరుపు మొత్తం లోపలికి వచ్చేస్తుంది. షట్టర్ మార్చితే మారేది ఆ చోటులో ముందునుంచీ ఉన్న వెలుగు, అంటే సీరియల్ బల్బులు, మండపం లైట్లు, సాయంత్రపు ఆకాశం. ఎఫ్ నంబరు, ఐఎస్‌ఓ రెండింటి మీదా పనిచేస్తాయి. ఫ్లాష్ పవర్ ముఖం మీద మాత్రమే.

కాబట్టి వెనక మండపం చీకటిగా వస్తే షట్టర్‌ను 1/160 నుంచి 1/60కి దించండి. ముఖం మాత్రమే వెలిసిపోతే ఫ్లాష్ పవర్ తగ్గించండి. ఈ రెండూ కలగాపులగం చేసుకుని ఐఎస్‌ఓ మీద పడతారు, అక్కడితో అంతా చెడుతుంది.

టీటీఎల్‌లోనే ఉంది, అయినా ఒక ఫొటో తెల్లగా ఒకటి చీకటిగా వస్తోంది.

కెమెరాకు పెళ్లికొడుకు తెలియదు, తెలుపు నలుపుల సగటే తెలుసు. తెల్ల పంచె, తెల్ల చొక్కా వాళ్లు పదిమంది నిలబడితే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది, ముఖాలు నల్లబడతాయి. అదే రిసెప్షన్‌లో నల్ల సూటు నిండుగా ఉంటే ఎక్కువ కొడుతుంది, ముఖం పాలిపోతుంది. ఫ్లాష్ కాంపెన్సేషన్ (టీటీఎల్ లెక్క మీద వెలుగును పెంచే, తగ్గించే మీట) వాడండి. తెల్లబట్టల గుంపుకు +1 దాకా, నల్ల సూటుకు −1 దాకా పెట్టి చూడండి.

## ఇంట్లో, మండపంలో

బౌన్స్ చేయమంటారు. ఇంతకీ తల ఎటు తిప్పాలి?

బౌన్స్ అంటే వెలుగును గోడకో కప్పుకో కొట్టి తిరిగి రప్పించడం. అందరూ నేరుగా పైకి తిప్పుతారు. దానివల్ల వెలుగు నెత్తిమీంచి పడి కనుగుంటల్లో నీడలు వస్తాయి, పెళ్లికూతురు నిద్రలేనట్టు కనిపిస్తుంది. కిటికీ వెలుగు ఎటునుంచి పడితే బాగుంటుందో ఊహించుకోండి. అది ముఖానికి ముందు, కాస్త పక్కగా, కాస్త పైనుంచి వస్తుంది. అక్కడ గోడ ఉంటే ఫ్లాష్ తల ఆ గోడకు తిప్పండి. ఒక్కోసారి మీ భుజం మీదుగా వెనక్కి తిప్పాల్సి వస్తుంది. ఆ గోడే మీ కిటికీ అవుతుంది.

రెండు జాగ్రత్తలు. ఫ్లాష్ తల నుంచి ఒక్క చుక్క వెలుగు కూడా నేరుగా ముఖం మీద పడకూడదు. నల్ల అట్టముక్కను రబ్బరు బ్యాండుతో ఆ పక్కన అడ్డం కట్టండి, పైసా ఖర్చుండదు. రెండోది, గోడ రంగు ముఖానికి అంటుకుంటుంది. మన ఇళ్లలో ఆకుపచ్చ గోడలు ఎక్కువ. నలుగు పెట్టేటప్పుడు అలాంటి గోడకు కొట్టారో, పసుపు పూసిన చెంప కూడా పాచిరంగుకు తిరుగుతుంది. తెల్లటి కప్పుకు తిప్పండి, లేదంటే మీ వెనక ఎవరైనా తెల్ల దుప్పటి పట్టుకుని నిలబడితే దానికి కొట్టండి. నేను చాలా ఇళ్లలో ఆ పని పెళ్లికొడుకు బావమరుదులకు అప్పగించాను, సంతోషంగా చేస్తారు.

మా ఊళ్లో బండల మిద్దె అన్నా. పైకి కొడితే ఏమీ రావట్లేదు.

రాదు. మన పాత ఇళ్ల కప్పు కడప బండ. నల్లగా, బూడిదరంగులో ఉండి వెలుగును తాగేస్తుంది. సున్నం కొట్టిన కప్పు తిరిగిచ్చినంత అది ఇవ్వదు. పవర్ పెంచి లాభం లేదు, బ్యాటరీ దండగ. సున్నం గోడ ఉంటే పక్కకు కొట్టండి. అదీ లేకపోతే ఫ్లాష్ తల వెనక తెల్ల కార్డు కట్టి ముందుకు వంచండి. ఇంకా మంచిది, మనుషుల్ని గడప దగ్గరికో పంచలోకో రమ్మని పగటి వెలుగులో తీయడం. ఫ్లాష్ ఉంది కదా అని ప్రతిచోటా కొట్టాలనేం లేదు.

షామియానా కింద ముఖాలన్నీ ఎర్రగా వస్తున్నాయి.

గుడ్డ రంగది. ఎరుపు, పసుపు షామియానాకు బౌన్స్ చేస్తే ఆ రంగే దిగుతుంది. పగలైతే ఎండ కూడా ఆ గుడ్డలోంచే వడకట్టుకుని వస్తుంది కాబట్టి తప్పించుకోలేం. అక్కడ ఫ్లాష్‌ను తక్కువ పవర్‌లో, చిన్న డిఫ్యూజర్ (వెలుగును మెత్తబరిచే తెల్ల మూత) పెట్టి నేరుగా ముఖం మీదికే కొట్టండి. ఆ కొంచెం తెల్ల వెలుగుతోనే చర్మం రంగు దారికొస్తుంది.

ఫంక్షన్ హాల్ కప్పు చాలా ఎత్తు. బౌన్స్ పనిచేస్తుందా?

దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. పది అడుగుల కప్పుకు కొట్టినంత హాయిగా పాతిక అడుగుల కప్పుకు కొట్టలేం. ఐఎస్‌ఓ 1600కు, ఎఫ్ 2.8కు వెళ్తే కొంత లాగొచ్చు, కానీ ఫ్లాష్ ప్రతిసారీ ఫుల్‌లో పేలి వేడెక్కుతుంది. అలాంటి హాల్లో స్టాండు మీద ఒక ఫ్లాష్ పెట్టి, ట్రిగ్గర్‌తో (దూరంగా ఉన్న ఫ్లాష్‌ను వెలిగించే పరికరం) కొట్టడమే పని.

రిసెప్షన్‌కు ఒక సెట్టింగ్ చెప్పన్నా, దాంతో మొదలుపెడతా.

కెమెరా మాన్యువల్ మోడ్, ఐఎస్‌ఓ 800, ఎఫ్ 4, షట్టర్ 1/100, ఫ్లాష్ టీటీఎల్. వెనక ఎల్ఈడీ తెర మినుకుమంటూ చారలు వస్తుంటే షట్టర్‌ను 1/50కి దించి చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ లెక్కలో 1/50, 1/100 దగ్గర మామూలు లైట్ల చారలు చాలావరకు తగ్గుతాయి.

స్టేజి పసుపు లైట్లలో ముఖం నీలంగా ఎందుకొస్తోంది?

ఫ్లాష్ వెలుగు పగటి ఎండలాంటిది, 5500 కెల్విన్ (వెలుగు రంగు కొలత) చుట్టుపక్కల. పసుపు బల్బు 3000 దగ్గర ఉంటుంది. బల్బుకు తగ్గట్టు వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగా కనబడేలా కెమెరాలో చేసే రంగు సర్దుబాటు) పెడితే ఫ్లాష్ పడ్డ ముఖం నీలమవుతుంది. సీటీఓ అనే నారింజరంగు జెల్ కాగితాన్ని ఫ్లాష్ ముందు అంటిస్తే రెండూ ఒకే రంగుకు వస్తాయి. ఊదా, పచ్చ తిరుగుతుండే డీజే లైట్లకు మాత్రం జెల్లూ పనిచేయదు. డీజే అతన్ని బతిమాలుకోవాల్సిందే.

సరిగ్గా తాళి కట్టేటప్పుడు ఫ్లాష్ రాలేదు. పరువు పోయింది!

నాకూ పోయింది ఒకసారి, ప్రొద్దుటూరులో. జీలకర్ర బెల్లం మొదలు ఫుల్ పవర్‌లో టపటపా కొట్టుకుంటూ వచ్చాను. మూడో ముడి పడేసరికి ఫ్లాష్ ఇంకా ఛార్జవుతోంది. ఫుల్‌లో కొట్టాక మళ్లీ సిద్ధం కావడానికి లిథియం బ్యాటరీ ఫ్లాష్‌కు సెకనున్నర, సెల్లుల ఫ్లాష్‌కు రెండున్నర పైన పడుతుంది. సెల్లులు అలిసిపోతే ఐదారు సెకన్లు.

తాళికి ముందే ఐఎస్‌ఓను 1600కు పెంచండి, ఫ్లాష్ తక్కువ పవర్‌లో కొడితే చాలు. అప్పుడు వరసగా కొన్ని కొట్టినా అందుకుంటుంది. గట్టిమేళం మొదలవ్వకముందే కొత్త సెల్లులు వేయండి. తలంబ్రాలకూ ఇదే. పైగా తక్కువ పవర్‌లో మెరుపు మరీ పొట్టిది కాబట్టి బియ్యపు గింజలు గాలిలో ఆగినట్టు వస్తాయి.

పట్టుచీర జరీ, నగలు తెల్లగా కాలిపోతున్నాయి.

జరీ, బంగారం అద్దాల్లాంటివి, ఎదురుగా ఏముంటే అదే చూపిస్తాయి. చిన్న ఫ్లాష్ తల ఎదురుగా ఉంటే చిన్న తెల్ల చుక్క కనిపిస్తుంది. పెద్ద తెల్ల గోడ ఉంటే బంగారం బంగారంలాగే కనిపిస్తుంది. వెలుగు వచ్చే మేర ఎంత పెద్దదైతే అంత మంచిది. ప్రొద్దుటూరు నగల దుకాణాల వాళ్లకు తీసేటప్పుడు నేను వాడేది ఒక ఫ్లాష్, దాని ముందు తెల్ల పంచెగుడ్డ, నగకు రెండో పక్క తెల్ల అట్ట. నగ కింద పాలిష్ చేసిన కడప బండ ముక్క పెడితే నల్లటి నేలలో నగ ప్రతిబింబం కూడా వస్తుంది.

కళ్లద్దాల్లో ఫ్లాష్ మెరుస్తోంది.

ఫ్లాష్‌ను పక్క గోడకు తిప్పండి. గ్రూపు ఫొటోలో అయితే గడ్డం కొంచెం దించమనండి.

గుళ్లో, దర్గాలో ఫ్లాష్ కొట్టొచ్చా?

అడగకుండా కొట్టొద్దు. గర్భగుడి వైపు అసలే వద్దు. లేపాక్షి కప్పు మీది విజయనగర కాలపు వర్ణచిత్రాల లాంటి వాటి మీద ఎప్పుడూ కొట్టకండి. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం రాత్రిపూట జరుగుతుంది, అక్కడ దీపాల వెలుగును ఫ్లాష్ చంపేస్తుంది. ఐఎస్‌ఓ పెంచుకుని తీయడమే అందం. కడప పెద్ద దర్గాలో ఖవ్వాలీ రాత్రి కూడా అంతే. పాడేవాళ్ల కళ్లలోకి మెరుపులు కొడితే వాళ్లకు ఇబ్బంది.

## బయట, ఎండలో

ఎండ మండిపోతుంటే ఫ్లాష్ దేనికి?

మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తిమీంచి పడి కళ్ల కింద, ముక్కు కింద నల్లటి నీడలు చేస్తుంది. ఆ నీడల్ని కొంచెం నింపడానికే ఫ్లాష్. ఐఎస్‌ఓ 100, 1/200, ఎఫ్ 11 పెట్టి, మనిషి వీపు ఎండకు ఉండేలా నిలబెట్టి, రెండు మూడు మీటర్ల నుంచి నేరుగా కొట్టండి. కాంపెన్సేషన్ −1. ఫ్లాష్ వాడినట్టే తెలియకూడదు.

గండికోటలో ప్రీ వెడ్డింగ్. ఎఫ్ 2.8లో లోయ వెనక మసకగా రావాలి, ఫ్లాషూ ఉండాలి.

ఎఫ్ 2.8 అంటే షట్టర్ 1/3000 పైన కావాలి, కాబట్టి హెచ్‌ఎస్‌ఎస్ తప్పదు. అందులో ఫ్లాష్ ఒక్కసారిగా కాక వరసగా చిన్న చిన్న మెరుపులుగా వెలుగుతుంది. దానికి పవర్ రెండు స్టాపులో ఆపైనో పోతుంది (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది). పైగా సాఫ్ట్‌బాక్స్ (ముందు తెల్లగుడ్డ ఉండే పెట్టె) తగిలిస్తే మరింత. మామూలు ఫ్లాష్ మధ్యాహ్నపు ఎండను ఇలా గెలవలేదు. గోడాక్స్ ఏడీ200 లాంటి 200 జౌల్‌ల (ఒక మెరుపులోని శక్తి కొలత) లైటు కావాలి. మామూలు పెద్ద ఫ్లాష్ సుమారు 76 జౌల్‌లది. లేదా తెల్లవారుజామునే చేరుకోండి. సూర్యుడు పెన్నా లోయ మీద కాస్త పైకి వచ్చేదాకా మీ చిన్న ఫ్లాషే సరిపోతుంది. ఏ లైటు కొన్నా మధ్యాహ్నం కంటే పొద్దున్నే మేలని నా అభిప్రాయం.

ఒక హెచ్చరిక. ఆ లోయ అంచున గాలి ఎక్కువ. గొడుగు తగిలించిన స్టాండు తెరచాపలా లేస్తుంది. ఇసుక సంచి కట్టండి, లేదా ఒక మనిషిని స్టాండు పట్టుకోమనండి. అంచుకు దూరంగా.

రాత్రి ఊరేగింపులో లైట్ల గీతలు రావాలంటే?

షట్టర్ 1/15, ఐఎస్‌ఓ 400, ఫ్లాష్ రియర్ కర్టెన్ మోడ్‌లో. అప్పుడు షట్టర్ మూసుకునే ముందు ఫ్లాష్ వెలుగుతుంది. లైట్ల గీతలు మనిషి వెనక పడతాయి, మనిషి స్పష్టంగా ముందు నిలుస్తాడు. కెమెరాను కొంచెం తిప్పుతూ తీయండి. పదింటిలో రెండు బాగా వస్తే గొప్పే.

## కెమెరా మీంచి దించాక

ట్రిగ్గర్ కొనాలా? ఇద్దరు ఫొటోగ్రాఫర్లం ఒకే హాల్లో ఉంటే?

ఫ్లాష్ కంపెనీ ట్రిగ్గరే కొనండి. 2.4 గిగాహెర్ట్జ్ రేడియో రకం అయితే గోడ అడ్డొచ్చినా పనిచేస్తుంది. ఒకే హాల్లో ఇద్దరు ఒకే ఛానెల్లో ఉంటే అతను నొక్కినప్పుడల్లా మీ ఫ్లాష్ వెలుగుతుంది. మొదట్లోనే వెళ్లి "అన్నా, మీరు ఏ ఛానెల్?" అని అడిగేయండి, అతనితో మాట కలిసినట్టూ ఉంటుంది.

గొడుగు మంచిదా, సాఫ్ట్‌బాక్సా?

మొదటిది తెల్ల గొడుగు. చవక, రెండు నిమిషాల్లో విప్పొచ్చు. వెలుగు గది అంతా చల్లుతుంది. ఒక పక్కే పడేలా కావాలంటే సాఫ్ట్‌బాక్స్.

## బ్యాటరీ, వేడి, భద్రత

ఏ సెల్లులు వేయాలి?

రీఛార్జ్ అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు, ఎనలూప్ లాంటివి. మామూలు ఆల్కలైన్ సెల్లుల కంటే ఫ్లాష్ త్వరగా సిద్ధమవుతుంది. నాలుగు సెల్లులకు ఒకే నంబరు రాసి ఎప్పుడూ కలిపే వాడండి, కలిపే ఛార్జ్ చేయండి. ఒక్క బలహీనమైన సెల్లు మిగతా మూడింటినీ లాగేస్తుంది.

ఏప్రిల్, మే ఎండలకు ఫ్లాష్ మధ్యలో ఆగిపోతోంది.

వేడెక్కి తనను తాను కాపాడుకుంటోంది. 42, 43 డిగ్రీల్లో వరసగా ఫుల్ పవర్ కొడితే అంతే. పవర్ సగానికి దించండి, పది నిమిషాలు నీడలో పెట్టండి. తడిగుడ్డ చుట్టొద్దు. లిథియం బ్యాటరీలను ఎండలో నిలిపిన కారులో వదలకండి, ఉబ్బుతాయి.

ముహూర్తాలు లేని నెలల్లో ఎలా దాచాలి?

సెల్లులు తీసేయండి, లేకపోతే కారి పిన్నులు తుప్పు పడతాయి. లిథియం అయితే సగం ఛార్జ్‌తో ఉంచండి. నెలకోసారి బయటికి తీసి పదిసార్లు కొట్టండి. లోపలి కెపాసిటర్ (కరెంటు నిలవ ఉంచే భాగం) ఊరకే పడుంటే చెడుతుంది.

చిన్న రిపేరే, నేనే విప్పొచ్చా?

వద్దు తమ్ముడూ. లోపలి కెపాసిటర్‌లో మూడు వందల వోల్టుల పైన నిలవ ఉంటుంది. సెల్లులు తీసేసినా చాలాసేపు అందులోనే ఉంటుంది. దాన్ని ఖాళీ చేయడం తెలిసిన మెకానిక్కుకే ఇవ్వండి.